వేసవిలో పెరటి పూలు

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పూలమొక్కల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను వ్యవసాయ కళాశాలలో చదివినవాణ్ణి కాను. 36 ఏళ్ళు ఫైళ్ళ మధ్య కూర్చున్న గుమాస్తాను. డి.ఎ. బకాయిల గురించి అయితే గంటసేపు మాట్లాడగలను గాని, అవి మీకు నాకంటే బాగా తెలుసు. అందుచేత మా పెరట్లో ఉన్నవాటి సంగతే మనవి చేస్తాను.

మన నంద్యాల ఎండ గురించి వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు వింత కాదు. దానికి తోడు నల్లరేగడి నేల. వానకు బంక, ఎండకు బీటలు. ఇక్కడ పూలు పూయించాలంటే ముందుగా ఎండకు ఓర్చే మొక్కలేవో తెలుసుకోవాలి. గులాబీతో కుస్తీ పట్టి ఓడిపోయినవారిలో నేనూ ఒకణ్ణి.

బిళ్ళగన్నేరును ఎవరూ పనిగట్టుకుని నాటరు. గోడ పక్క సిమెంటు పగుల్లో అదే మొలుస్తుంది. మధ్యాహ్నం వాడినట్టు కనిపించినా సాయంత్రానికి లేచి నిలబడుతుంది. పూజకు తప్ప దాన్ని లెక్కచేయము గాని, రక్త కేన్సరుకు వాడే విన్‌క్రిస్టీన్ అనే మందు ఆ మొక్క నుంచే వచ్చింది. దాని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. మందు వచ్చింది కదా అని ఎవరూ ఆకులు నమలకండి. ఇక ఎర్రగన్నేరు నిలువెల్లా విషమే. చిన్నపిల్లలున్న ఇళ్ళవారు జాగ్రత్తగా ఉండాలి.

గేటు మీద రాధామనోహరం తీగె ఉంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు, ఆ తరువాత ఎరుపు. కాగితపు పూలకు నీళ్ళు తగ్గిస్తేనే ఎక్కువ పూస్తాయి. మనం పూరేకులనుకునేవి నిజానికి రంగు తిరిగిన ఆకులు. అసలు పువ్వు వాటి మధ్య చిన్న గొట్టంలా ఉంటుంది. చంద్రకాంతలు సరిగ్గా ఆఫీసు వదిలే వేళకు విచ్చుకుంటాయి. కనకాంబరానికి మాత్రం మధ్యాహ్నపు నీడ కావాలి. అందుకే దాన్ని తూర్పు గోడ పక్కన పెట్టాం.

ఇవన్నీ ఒక ఎత్తు, మల్లె ఒక ఎత్తు.

1983లో నేను ఆళ్ళగడ్డ తాలూకా ఆఫీసులో చేరాను. (రెండేళ్ళకే, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ రికార్డులు పంచుకునే ముచ్చట ఇంకోసారి చెబుతాను.) మా అద్దె ఇంటి పెరట్లో బావి, దాని పక్కన ఒక మల్లెపొద ఉండేవి. ఇంటిగల అవ్వ దాని బాధ్యత మా ఆవిడకు అప్పగించింది. సాయంత్రం మొగ్గలు కోసి తడిగుడ్డలో పెట్టేవారు. నాలుగు మొగ్గలు తాగే నీళ్ళ కడవలో వేసేవారు. ఆ నీళ్ళ ముందు ఫ్రిజ్ నీళ్ళు ఎందుకూ పనికిరావు.

1988లో నాకు నంద్యాలకు బదిలీ అయింది. అవ్వ అప్పటికే ఒక కొమ్మ వంచి నేలంటు తొక్కి ఉంచింది. బదిలీ సంగతి నాకంటే ముందు ఆమెకే తెలిసినట్టుంది. సామానంతా లారీలో పోయింది. ఆ అంటు మాత్రం తడి గోనెపట్టా చుట్టుకుని మా ఆవిడ ఒళ్ళో కూర్చుని బస్సులో వచ్చింది. శిరివెళ్ళలో బస్సు ఆగితే సోడా తాగుతావా అని అడిగాను. "ముందు దీనికి కాసిని నీళ్ళు చూడండి" అంది.

ఇక్కడ రేగడిలో నాటితే ఆకులు పచ్చబారాయి. వేళ్ళ దగ్గర నీరు నిలవడమే కారణం. రెండడుగుల గొయ్యి తీసి ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపి మళ్ళీ నాటాం. అప్పుడు నిలదొక్కుకుంది.

కాని దాని మీద మా ఆవిడకు ఎక్కడలేని కాఠిన్యం ఉండేది. కార్తీకం వెళ్ళగానే నీళ్ళు ఆపేసేది. సంక్రాంతి అయ్యాక ఉన్న ఆకంతా దూసి, మోకాలెత్తుకు కత్తిరించేది. చూస్తే పుల్లల మోపులా ఉండేది. "బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఇదేం పని?" అంటే, "మీరు ఫైళ్ళు చూసుకోండి" అనేది. పది రోజులు పోయాక మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి, ఎరువు వేసి, నిండుగా నీళ్ళు పెట్టేది. శివరాత్రి దాటాక మొగ్గలు వచ్చేవి. కోత ఆవిడ మొండితనమనీ, పూలు మొక్క మంచితనమనీ నేను అనుకునేవాణ్ణి.

2017 అక్టోబరులో ఆమె కాలం చేసింది. ఆ చలికాలమంతా నేను రోజూ మల్లెకు బక్కెట్టు నీళ్ళు పోశాను. పొద్దున్నే చేయడానికి వేరే పని లేదు. కత్తెర పెట్టడానికి మనసు రాలేదు. 2018 వేసవికి అది గోడ ఎక్కి దట్టంగా, నల్లగా పెరిగింది. ఏప్రిల్ నెలంతా వెదికితే ఒక గుప్పెడు పూలు లేవు. మా వీధికి పూలు తెచ్చే ఆమె ఒకరోజు అటు చూసి, "నీళ్ళు నిలపలేదా సారూ? ఆకు పెంచుకుంటివి, పువ్వు యాన్నించి వస్తాది?" అంది. మల్లెమొగ్గ కొత్త చిగురుకే వస్తుందనీ, ఎండగట్టి కోస్తేనే ఆ చిగుళ్ళు ఒక్కసారిగా లేస్తాయనీ ఆమె చెప్పింది. ముప్పై ఏళ్ళు కళ్ళెదుట జరిగిన పని నాకు వీధిలో నిలబడి నేర్చుకోవలసి వచ్చింది.

2019 జనవరిలో కత్తెర పట్టుకుని ఆ మొక్క ముందు చాలాసేపు నిలబడ్డాను. మొదటి కొమ్మే కష్టం. తరువాత గబగబా అయిపోయింది. మార్చి చివరికి మొగ్గలు వచ్చాయి.

కాబట్టి మనం ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే రోజుల్లోనే మల్లె పని కూడా చూసుకోండి, మరిచిపోరు. ఎండాకాలంలో నీళ్ళు ఉదయం ఏడులోపు గాని, పొద్దుగూకాక గాని పోయండి. మొదట్లో ఎండుటాకులు గాని వేరుశనగ పొట్టు గాని పరిస్తే తడి నిలుస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకండి. మన ఊరు 2022లో జిల్లా కేంద్రమయ్యాక ఫ్లాట్లు పెరిగాయి, పెరళ్ళు తగ్గాయి. ఫ్లాట్లవారు అడుగున చిల్లులున్న పెద్ద తొట్టిలో, ఎండ తగిలేచోట పెంచుకోవచ్చు.

నాకు మాల కట్టడం ఇప్పటికీ రాదు. కోసిన మొగ్గలు పక్కింటి అమ్మాయికి ఇస్తాను. ఆమె కట్టి సగం తిరిగి పంపుతుంది. నాలుగు మాత్రం కడవలో వేసుకుంటాను.

ఆళ్ళగడ్డలో అవ్వ ఇల్లు ఇప్పుడు లేదు, బావీ లేదు, ఆ చోట దుకాణాలు లేచాయి. వానలు పడగానే నేను నాలుగైదు నేలంట్లు తొక్కుతాను. వేళ్ళు పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదటిది ఆళ్ళగడ్డ మిత్రులొకరికి మాట ఇచ్చాను. మిగతావి ముందు చెప్పినవారికి ముందు. గోనెపట్టా మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.