రుజువు కాని మందు, రుజువైన బాధ
(వార్షిక సమావేశంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్య సహాయానికి మీరిచ్చే ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించడం చాలాసార్లు తేలికే. డయాలసిస్, కాన్పు, కంటి ఆపరేషన్ వంటి వాటికి ఎంతవుతుందో, ఏం మేలు జరుగుతుందో ముందే తెలుసు. జబ్బు నిజమై, బాధ నిజమై, మందు మాత్రం ఇంకా రుజువు కానప్పుడే చిక్కు వస్తుంది. కోవిడ్ తగ్గి ఏళ్లు గడిచినా మంచం దిగలేని వాళ్ల ఇళ్ల నుంచి ఇప్పుడు ఇదే ప్రశ్న వస్తోంది. అందుకే ఈ ఏడు ఒక మందు చరిత్రను మీ ముందుంచుతున్నాం. అది అమెరికాలో జరిగింది. దాని నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

1984-85లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, టాహో సరస్సు ఒడ్డున ఉన్న ఇంక్లైన్ విలేజ్ అనే చిన్న ఊళ్లో చాలామందికి ఫ్లూ లాంటి జబ్బు చేసింది. జ్వరం తగ్గినా మనుషులు కోలుకోలేదు. అక్కడి డాక్టర్లు డేనియల్ పీటర్సన్, పాల్ చెనీ ఈ సంగతి ప్రభుత్వానికి తెలియజేశారు. 1988లో ఆ జబ్బుకు ‘క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్’ అన్న పేరు ఖాయమైంది. ఆ పేరే రోగులకు శాపమైంది. అలసట అనగానే, అది ఎవరికి లేదు అంటారు. ఈ అలసట వేరు. స్నానం చేసినా, కాసేపు మాట్లాడినా మర్నాడు లేవలేరు. రాత్రంతా పడుకున్నా ఒంట్లోకి సత్తువ రాదు. నిలబడితే కళ్లు తిరుగుతాయి, చదివింది గుర్తుండదు. అమెరికా వైద్య నిపుణుల సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ దేశంలో 8,36,000 నుంచి 25 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో అత్యధికులకు తమ జబ్బు పేరే తెలియదు.

చాలామందికి ఇది వైరస్ జ్వరం తర్వాతే మొదలైంది కాబట్టి, వైరస్‌ను ఎదిరించే మందు పనిచేయవచ్చని కొందరు డాక్టర్లు ఆలోచించారు. అప్పటికే ‘ఆంప్లిజెన్’ అనే మందు ప్రయోగ దశలో ఉంది. దాని పుట్టుక గురించి రెండు మాటలు చెబుతాం. కొన్ని వైరస్‌లు మన కణాల్లో పెరిగేటప్పుడు రెండు పోగుల ఆర్.ఎన్.ఏ. తయారవుతుంది. దాన్ని చూడగానే శరీరం శత్రువు వచ్చాడని గుర్తించి, ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ పదార్థాన్ని విడుదల చేస్తుంది. వైరస్ లేకుండానే అలాంటి ఆర్.ఎన్.ఏ.ను కృత్రిమంగా తయారు చేసి ఇస్తే రక్షణ వ్యవస్థ మేలుకుంటుందని 1960లలోనే తెలిసింది. అయితే మొదట చేసిన పదార్థం ఒంటికి పడలేదు. 1970లలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కార్టర్, పాల్ త్సో తదితరులు ఆ పోగుల్లో అక్కడక్కడా జత కుదరని అక్షరం పెట్టారు. దాంతో అది శరీరంలో త్వరగా కరిగిపోయి, హాని తగ్గింది. అదే ఆంప్లిజెన్.

1988లో డాక్టర్ పీటర్సన్ ప్రత్యేక అనుమతితో ఒక తీవ్ర రోగికి దీన్ని ఇచ్చారు. ఆశ కలిగింది. ఒకరికి బాగైతే సరిపోదు కాబట్టి 92 మంది రోగులతో పరీక్ష జరిపారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఎక్కుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 24 వారాల తర్వాత మందు ఎక్కినవారు రోజువారీ పనులు చేసుకోవడంలో మెరుగుపడ్డారని 1994లో ప్రచురించారు.

“బాధలో ఉన్నవాడికి ఉత్త సెలైన్ ఎక్కించడం న్యాయమా?” అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. వెయ్యేళ్లకు పూర్వం అర్రాజీ అనే మహావైద్యుడు మెదడు పొరల వాపుకు రక్తం తీసే చికిత్స పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఒక గుంపుకు ఆ చికిత్స చేసి, మరో గుంపుకు కావాలనే చేయకుండా వదిలి, ఇద్దరినీ పోల్చి చూశాడు. జబ్బు దానంతటదే తగ్గవచ్చు. నమ్మకంతోనూ కాస్త తేలిక కలగవచ్చు. పోల్చి చూడకపోతే మేలు దేనివల్ల జరిగిందో తెలియదు.

తర్వాత 234 మందితో పెద్ద పరీక్ష జరిగింది. వారానికి రెండుసార్లు, 40 వారాలపాటు నరంలోకి ఎక్కించి, ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నడవగలరో కొలిచారు. సెలైన్ గుంపుతో పోలిస్తే మందు గుంపులో 21.3 శాతం ఎక్కువ మెరుగుదల కనిపించింది. అయితే లెక్కల ప్రకారం అది కాకతాళీయం కాదని చెప్పడానికి కావలసిన గీతను ఆ ఫలితం అతి కష్టం మీద దాటింది. 2012 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. సలహా సంఘం సమావేశమైంది. రోగులు వచ్చి కన్నీళ్లతో వేడుకున్నారు. ఆమోదించవచ్చని 5 మంది, వద్దని 8 మంది ఓటు వేశారు. ఆధారాలు చాలవు, మరో పరీక్ష జరపండి అంటూ 2013 ఫిబ్రవరిలో ఎఫ్.డి.ఎ. తిరస్కరించింది. 2016లో అర్జెంటీనా మాత్రం తీవ్ర రోగుల కోసం అనుమతించింది. అమెరికాలో కొద్దిమంది రోగులు ప్రత్యేక పథకం కింద సొంత ఖర్చుతో, ఏడాదికి వేల డాలర్లు పెట్టి ఎక్కించుకున్నారు.

ఇక్కడ తప్పెవరిది? ఎఫ్.డి.ఎ. అడిగింది న్యాయమే. రోగులు అడిగిందీ న్యాయమే. లేనిది డబ్బు. మందు తయారీ సంస్థ చిన్నది, దానికి మరో పెద్ద పరీక్ష జరిపే స్తోమత లేదు. లక్షలమందికి ఉన్న ఈ జబ్బు మీద పరిశోధనకు అమెరికా ప్రభుత్వం ఆ రోజుల్లో ఏడాదికి ఇచ్చింది 50, 60 లక్షల డాలర్లే. ఔనో కాదో తేల్చే ఖర్చు ఎవరూ భరించక, ఒక ప్రశ్న ముప్పై ఏళ్లు వేలాడింది.

దీనికి భిన్నంగా నార్వేలో ఏం జరిగిందో చూడండి. రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఇదే జబ్బుకు పనిచేస్తోందని 2011లో 30 మందితో జరిపిన చిన్న పరీక్ష చెప్పింది. పెద్ద పరీక్షకు రోగులు, వారి కుటుంబాలు స్వయంగా చందాలు పోగుచేశారు. 151 మందితో పరీక్ష జరిగింది. ఫలితం 2019లో ప్రచురితమైంది: మందు పనిచేయలేదు. ఆ చందాలు వృథా అయ్యాయా? మేము కాలేదంటాం. ఖరీదైన, ప్రమాదం లేకపోలేని ఆ మందు కోసం ఎన్ని కుటుంబాలు ఇల్లూ నగా అమ్ముకునేవో ఆలోచించండి. ఆ దాతల డబ్బు వాళ్లను కాపాడింది.

ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని మన విశ్వాసం. వెతకడం మన వంతు. అమ్మేవాడి మాట నమ్మడం వెతకడం కాదు. కోవిడ్ తర్వాతి అలసటకు కూడా పాక్స్‌లోవిడ్ అనే వైరస్ మందును స్టాన్‌ఫర్డ్‌లో 155 మందితో 15 రోజులు పరీక్షించారు. చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదని 2024లో ప్రకటించారు.

అందుచేత దాతలకు మా విన్నపాలు ఇవి.

మొదటిది, పరీక్ష దశలో ఉన్న మందును కొనడానికి సంస్థ డబ్బు ఇవ్వబోము. నిజమైన పరీక్షలో రోగి నుంచి మందుకు డబ్బు తీసుకోకూడదు. అడిగితే అనుమానించాలి.

రెండవది, మందు లేదని రోగిని వదలబోము. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, క్షయ, బి12 లోపం వంటి నయమయ్యే కారణాలేమైనా ఉన్నాయేమో చూసే పరీక్షలకు సాయం చేద్దాం. అవేవీ కాదని తేలితే, ఇంటి ఖర్చుకూ, చూసుకునే మనిషికీ సాయం చేద్దాం. బద్ధకమనీ, లేచి తిరిగితే తగ్గుతుందనీ అనకుండా ఉండడం కూడా సాయమే. ఓపికకు మించి వ్యాయామం చేయిస్తే ఈ రోగులకు జబ్బు ముదురుతుంది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లో అలాంటి వ్యాయామ చికిత్సను తొలగించాయి.

మూడవది, జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా నిర్ణయమై ఉంది. పేద రోగికి అది చేరాలి. పరిశోధనకు సాయం చేయదలచినవారు సదఖా, వక్ఫ్ మార్గాల్లో ఇవ్వడం మేలు. ఉలమాను సంప్రదించి ఇవ్వండి. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతోనే ఉచిత వైద్యం చేసింది, వైద్య విద్యనూ పోషించింది. లాభం ఆశించని డబ్బుకు మాత్రమే ‘కాదు’ అనే జవాబును కూడా భరించే ఓర్పు ఉంటుంది.

మందు వస్తుంది, ఇన్షా అల్లాహ్. అంతవరకూ ఆ తలుపు మూసుకున్న గదుల్లోని మన బిడ్డలు ఒంటరివారు కాకుండా చూసుకుందాం. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! మీ దానాలను స్వీకరించుగాక! ఆమీన్.