ముల్లు చెప్పు ముందుమాట

1938లో ప్రారంభమైన నుమాయిష్ జనవరి మాసమున నాంపల్లిలో జరుగునపుడు, ఆబిడ్సు నుండి అటు పోవు కార్లు బారులు తీరి నత్తనడక నడచుట మనమెరిగినదే. వేగముగా పోవు కారునకు ఎదురుగాలి రేడియేటరును చల్లబరచును. నిలిచిన కారునకు ఫానే దిక్కు. అట్టి వేళ ఇంజను వేడి మనకు తెలియకయే పెరుగును.

పెక్కు కార్లలో హెచ్చరిక దీపము మాత్రమే కలదు. అది వెలుగునప్పటికి అపాయము ముంగిట నిలిచియుండును. ముల్లుగల మీటరు వేడి ఎక్కుచుండగనే తెలుపును. కావున ఉష్ణోగ్రతకొకటి, ఆయిల్ పీడనమునకొకటి అమర్చుకొనుట మేలని మా అభిప్రాయము.

అమర్చుటలో మెలకువ వలయును. ఒంటి తీగ సెన్సరునకు దాని మరచుట్లే ఎర్తు. వానిపై టేపు దట్టముగా చుట్టినచో ఎర్తు చెడును. నీరు మరగుచున్నను ముల్లు చల్లగనే చూపవచ్చును. అబద్ధపు మీటరు కంటె మీటరు లేకుండుటయే నయము. ఆయిల్ సెన్సరును 'టీ' ముక్కతో బిగించి, పాత దీపమును అట్లే ఉంచవలెను. మీటరు తీగకు ఫ్యూజు తప్పనిసరి.

బిగించిన తరువాత వారము దినములు ముల్లు ఎచట నిలుచునో గమనింపుడు. వేడి ముల్లు ఆ చోటు దాటి పోవుచున్నను, ఆయిల్ ముల్లు పడిపోయినను, కారును ఓరగా నిలిపి ఇంజను ఆపుడు. చల్లారకముందు రేడియేటరు మూత తీయరాదు.