చౌక రైఫిలు, దూరపు గురి
ఖరీదైన రైఫిలుకొరకు అప్పు చేయవలసినదేనా యని గురిపందెముల యువకులు మమ్మడుగుచున్నారు. అక్కరలేదు. ఇంగ్లండులోని బిస్లీ మైదానమే యిందుకు సాక్ష్యము. 1960 దశకమున అచ్చటి గురికాండ్రు యుద్ధకాలపు చౌక బోల్టు రైఫిలగు లీ-ఎన్‌ఫీల్డును పారవేయలేదు. దానికి బరువైన 7.62 మిల్లీమీటర్ల గొట్టము నమర్చిరి. ముందుకొయ్యను కురుచచేసి గొట్టమును తాకకుండ జేసిరి. గురి చూచుటకు సన్నని కంతగల బిళ్లను బిగించి, 1000 గజముల దూరమున పోటీపడిరి. కాల్పుల వేడికి గొట్టము సాగును. అప్పుడు కొయ్య యొత్తినచో గుండు దారితప్పును. కావున మొదటి రూపాయి గొట్టమునకు, కొయ్య కుదురునకు, మెరుగులకు గాదు. మన దేశమున నీ పనిని 1959 ఆయుధచట్టము ప్రకారము లైసెన్సుగల పనివానిచేతనే చేయింపుడు. మిగిలిన ధనము తూటాలకు. అభ్యాసము లేని చేతిలో ఏ రైఫిలైన నొక్కటియే.