వ్రాయని మాట

గణాంకశాస్త్రమనగానే మనకు అంకెలు స్ఫురించును. కాని ఇంటింటికి తిరిగి సేకరించిన పత్రములలో అంకెలతోపాటు మాటలును ఉండును: పేరు, ఊరు, భాష, వృత్తి. వానిలో కొన్ని గడులు ఖాళీగా మిగులుట సామాన్యము. ఆ ఖాళీని కంప్యూటరు ఎట్లు గ్రహించుననునదే నేటి నా ప్రసంగ విషయము.

ఒక వీథిలోని నాలుగిండ్లను తలచుకొనుడు. ఇంటి యజమాని వృత్తి ఏది అని ప్రశ్న. మొదటి ఇంటివారు చెప్పుటకు ఇష్టపడలేదు. రెండవ ఇంట నున్న చుట్టమునకు ఆ సంగతి తెలియదు. మూడవ ఇంటి యజమాని ఏ పనియు చేయుట లేదు. ప్రశ్న ఆయనకు వర్తింపదు. నాలుగవ ఇంట అడుగుటయే మరచిరి. పత్రములో నాలుగు గడులును ఒకే తీరున తెల్లగా కనబడును. కాని వాని అర్థములు నాలుగు.

గణాంక సాఫ్ట్‌వేరులు ఈ భేదమును చక్కగా పాటింపవు. సాస్ అనుదానిలో అంకె లేదనుటకు 28 గుర్తులు కలవు. మాట లేదనుటకు ఖాళీ ఒక్కటే. స్టేటాలో అంకెలకు 27 గుర్తులు. మాటలకు మరల ఖాళీయే. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మనము ముందుగా చెప్పనిచో, ఖాళీ మాటయు సరియైన సమాధానముగానే లెక్కకు వచ్చును. ఆర్ భాషలో లోపమునకు ‘ఎన్‌ఏ’ అను ప్రత్యేకమైన గుర్తు కలదు. ఖాళీ మాట దానికంటె వేరు. అయితే ఫైలును చదువునప్పుడు ‘ఎన్‌ఏ’ అను అక్షరములు కనబడినచో, సాధారణముగా దానిని లోపమనియే తలచును. నమీబియా దేశమునకు అంతర్జాతీయ సంకేతము ఆ రెండక్షరములే! మనము హెచ్చరింపనిచో ఆ దేశపు గుర్తే పట్టికనుండి మాయమగును.

ఇది యంత్రపు చిక్కు మాత్రమే కాదు. సమాధానము ఎందుకు లేదో విచారింపక, ఉన్నవానితోనే నిర్ణయము చేయుట ఎప్పుడు తగునో డోనాల్డ్ రూబిన్ అను శాస్త్రజ్ఞుడు 1976లో వివరించెను. మన వీథిలో కూలికి పోవువారే సంకోచముచే వృత్తి చెప్పలేదనుకొనుడు. ఖాళీ గడులను త్రోసివేసినచో, వీథి అంతయు కలిగినవారిదిగా కనబడును. అందవలసిన సహాయము అందకపోవును.

ఉపాయము సులభము. మాటల వరుస ప్రక్కనే ‘కారణము’ అను మరియొక వరుస ఉంచవలెను: చెప్పలేదు, తెలియదు, వర్తింపదు, అడుగలేదు. ఏ గుర్తు లోపమో, ఏది మాటయో సాఫ్ట్‌వేరునకు ముందే తెలుపవలెను. మూలపత్రమును చెరుపరాదు. 2011 జనగణనలో మతము తెలుపనివారు సుమారు 29 లక్షలమంది. వారిని ఏ మతములోను కలుపక వేరుగా చూపిరి.

మీ ఇంటికి సర్వేక్షణమునకు ఎవరైన వచ్చినప్పుడు, తెలియనిచో తెలియదనియే వ్రాయించుడు. గడిని మాత్రము ఖాళీగా విడువనీయకుడు.