కాలు వాపును చిన్నచూపు చూడకండి

(జోడ్‌భావి పేట్‌లో మర మగ్గాల కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



షిఫ్టు దిగి ఇంటికి చేరాక చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట పడి కాసేపు అలాగే నిలిచిందంటే అక్కడ నీరు చేరిందన్నమాట. "నిలబడి నిలబడి వాచింది, తెల్లారితే పోతుంది" అనుకుంటాం. చాలాసార్లు పోతుంది కూడా. పోనప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకోవాలి.

రక్తం సన్నని నాళాల్లో పారేటప్పుడు కొంత నీరు బయటికి ఊరుతుంది. ఆ నీటినీ, అందులోని మాంసకృత్తులనూ మళ్ళీ రక్తంలో చేర్చడానికి శరీరంలో వేరే కాలువలున్నాయి. వాటినే శోషరస నాళాలంటారు. డాక్టర్లు లింఫ్ అనేది ఈ రసాన్నే. రోజుకు సుమారు 2 నుంచి 4 లీటర్ల రసం వీటి గుండా వెళ్ళి, మెడ కింద పెద్ద సిరల్లో కలుస్తుంది.

దారిలో గజ్జల్లో, చంకల్లో, మెడలో చిక్కుడు గింజల్లాంటి గ్రంథులున్నాయి. వెనకటి జకాతు నాకాల వంటివనుకోండి. రసం అక్కడ తనిఖీ అయి పోవాలి. క్రిములు దొరికితే తెల్లకణాలు వాటితో పోరాడతాయి. కాలివేలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టేది అందుకే.

ఈ కాలువలకు గుండె వంటి పంపు లేదు. నాళాలు తమంతట తాము కొద్దిగా ముడుచుకుంటాయి. లోపలి కవాటాలు రసాన్ని వెనక్కి జారనివ్వవు. మిగతా తోపు పిక్కల కదలిక నుంచీ, ఊపిరి నుంచీ రావాలి. మగ్గం ముందు గంటల తరబడి ఒకేచోట నిలబడితే ఆ తోపు తగ్గి, నీరు కాళ్ళలో దిగుతుంది.

ఈ కాలువలకు పెద్ద శత్రువు ఫైలేరియా. మన పెద్దలు బోదకాలన్నారు, ఇక్కడి మరాఠీ బోర్డుల మీద హత్తీరోగ్ అని రాస్తారు. మన ముందుతరాలు వచ్చిన కరీంనగర్, నల్గొండ వైపునా, ఈ సోలాపూర్ జిల్లాలోనూ ఇది ఉన్నదే. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. దారం వంటి పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి బతికి వాటిని పాడుచేస్తాయి. రసం ఆగి కాలు వాస్తుంది. మగవాళ్ళకు వరిబీజం రావచ్చు, దానికి ఆపరేషన్ ఉంది. ఇది శాపమూ కాదు, వంశపు రోగమూ కాదు.

దేశంలో 2004 నుంచి ఏటా ఇంటింటా మాత్రలు పంచే కార్యక్రమం మొదలైంది. మాత్రలు ఇస్తే తిన్నాక అక్కడే మింగండి, జేబులో వేసుకోకండి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకు ఇవ్వరు. మింగాక జ్వరం, తలనొప్పి వస్తే చాలాసార్లు లోపలి పురుగులు చావడం వల్లనే, భయపడకుండా ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి.

పెరిగిపోయిన వాపును మాత్రలు తగ్గించలేవు. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. పగుళ్ళకు మందు రాయాలి. పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. క్రిములు చేరి చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకా పెరుగుతుంది. అయితే గుండె, మూత్రపిండాల జబ్బుల్లోనూ కాళ్ళు వాస్తాయి. అందుకని ముందు డాక్టరుకు చూపించండి.

ఇక మన పని. ఈ క్రిములు మామూలుగా రాత్రిళ్ళే రక్తంలో కనిపిస్తాయి, అందుకే రక్తం రాత్రి తీస్తారు. ఆ వేళ మనలో సగంమంది కార్ఖానాలో ఉంటాం. ఇంటికి వచ్చినవాళ్ళకు మనం దొరకం. పగలైనా చేయగల స్ట్రిప్ పరీక్ష ఇప్పుడుంది. దాన్ని రాత్రి షిఫ్టు వాళ్ళకు చేయమని అడగాలి.

నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. ఎన్ని కార్ఖానాల్లో బల్ల ఉందో మీకే తెలుసు. కూర్చోను బల్ల, మధ్యలో నాలుగడుగులు వేయను విరామం, కాళ్ళు కడుక్కోను నీళ్ళు, పేటలో మూసిన మురికి కాలువలు: ఇవి మన కోర్కెలు. ఒక్కొక్కరం అడిగితే వినరు. కలిసి అడుగుదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!