చేయి తిరిగి పనికి రావాలంటే
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఆపదలో ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చే పనిమీద తిరిగే సభ్యుల తరఫున ఈ నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము. మేము డాక్టర్లము కాము. డాక్టర్ల దగ్గర విన్నది కొంత, మా పొరపాటు వల్ల నేర్చుకున్నది కొంత చెబుతాము.

ముందుగా ఆ పొరపాటు. కొన్నేళ్ల క్రితం నాచారంలో ప్రెస్ మిషను మీద పనిచేసే ఒక కుర్రవాడికి కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. కబురు అందగానే పరుగెత్తాము. తెగిన వేళ్లను ఏరి, చల్లగా ఉంటే మంచిదే కదా అని ఐసుముక్కల మధ్య వేసి తీసుకుపోయాము. డాక్టరుగారు చూసి, "తేవడం తెచ్చారు గాని, నేరుగా ఐసులో వేసి పాడుచేశారు కదయ్యా!" అన్నారు. వేళ్లు అతకలేదు. ఆ కుర్రవాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈద్ నాడు మూడు వేళ్ల ఆ చేత్తోనే మాకు ముసాఫా ఇస్తాడు. అప్పుడల్లా మా తల దించుకుపోతుంది.

చేయవలసినది ఏమంటే, తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టాలి. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నీరు చొరకుండా మూతి కట్టాలి. ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. ఐసు వేలికి తగలరాదు. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి పట్టుకోవాలి. వేలికైతే కొంత వ్యవధి ఉంటుంది గాని, ముంజేయి తెగితే ఆరు గంటలు దాటనివ్వరాదు. మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో రక్తనాళాలను కలిపే డాక్టర్లు మన నగరంలోనే ఉన్నారు. వారి దగ్గరకు వేళకు చేర్చడమే మన పని.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే, "అది సినిమావాళ్లకు భాయ్, మనకెందుకు?" అంటారు. మన నాచారం ఫ్యాక్టరీలలో తయారయ్యే ప్లాస్టిక్కుకు దీనికి సంబంధం లేదు. ఆ మాటకు గ్రీకు భాషలో మలచడం అని అర్థం. 1792లో టిప్పు సుల్తానుకు, ఇంగ్లీషువారికి జరిగిన యుద్ధంలో, ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కవాస్‌జీ అనే మనిషి ముక్కు కోల్పోయాడు. పూనా ప్రాంతంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతని నుదుటి చర్మంతోనే కొత్త ముక్కు చేశాడు. ఆ సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివి సాధన చేసిన కార్ప్యూ అనే డాక్టరు 1814లో అక్కడ అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. చూశారా! రోగి బండివాడు, వైద్యుడు ఇటుకలవాడు. ఈ విద్య కష్టజీవులదే.

ఇక కాలిన గాయాలు. వేడినూనె పడినా, గ్యాసు మంట తగిలినా వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏదీ వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. లోతుగా కాలినచోట, తొడ మీది పలుచని చర్మపు పొర తీసి అతుకుతారు. తీసినచోట దాదాపు రెండు వారాలలో దానంతట అదే మానిపోతుంది.

అక్కడితో పని తీరదు. కాలిన చర్మం మానేకొద్దీ ముడుచుకుపోతుంది. మెడ వంగి గడ్డం ఛాతీకి అంటుకోవచ్చు, వేళ్లు అరచేతికి ముడుచుకుపోవచ్చు. అందుకే నెలల తరబడి పట్టీలు, వ్యాయామాలు చెబుతారు. తల్లులారా, వాటిని మధ్యలో మానిపించకండి. ఆడపిల్ల అయితే, "నలుగురికీ తెలిస్తే సంబంధం రాదు" అని ఇంట్లోనే దాచిపెడతారు. దాచినకొద్దీ మెడ బిగుసుకుపోతుంది. ముడుచుకున్నదాన్ని కూడా ఆపరేషన్‌తో విడదీయవచ్చు. ఆలస్యమైందని ఆశ వదులుకోవద్దు.

ఇంకొక మాట. పుట్టుమచ్చ పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా చూపించండి. నెల దాటినా మానని పుండును చూపించండి. ముఖ్యంగా, ఏళ్ల క్రితం కాలిన మచ్చ మీద కొత్తగా పుండు లేచి మానకుంటే అది క్యాన్సర్ కావచ్చు. తొలిదశలో కోసి తీసి, అక్కడ చర్మం అతికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఖర్చు మాటేమిటని అడుగుతారు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. ఉంది. 2019 నుండి కార్మికుని వాటా జీతంలో వందకు ముప్పావు రూపాయి, యజమానిది మూడుంబావు. పనిలో దెబ్బ తగిలితే చేరిన మొదటి రోజు నుండే హక్కు ఉంటుంది. నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. కనుక పనిచేసే ప్రతి పిల్లవాడికీ కార్డు ఉందా లేదా అని ఈ రాత్రే ఇంట్లో అడగండి.

కాలితే నిమిషాలు, తెగితే గంటలు, మానేటప్పుడు నెలలు. ఈ మూడు లెక్కలు గుర్తుంచుకోండి. మా పొరపాటు మీ ఇంట జరగకుంటే మాకు అదే చాలు.