శిష్యుని సొంత బరువు

(శతవార్షికోత్సవ సభలలో ఒక సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ కృతజ్ఞతల పండుగ. మన ముందటివారు పడిన కష్టమును గురించి ఈ సభలలో చాలామంది పెద్దలు చక్కగా మాట్లాడారు. నాకు ఇచ్చిన అంశము వేరు. "క్రైస్తవ శిష్యత్వములో వ్యక్తిగత బాధ్యత" అని కార్డు మీద అచ్చు వేశారు. కమిటీవారు నా సంగతి తెలిసి ఇచ్చారో, తెలియక ఇచ్చారో నేను ఎరుగను. ఈ అంశము మీద నేను పాఠము చెప్పవలసినవాడను కాను, నేర్చుకొన్నవాడను. ఆ నేర్చుకొన్న విధము కూడా మీతో చెప్పి కూర్చుంటాను.

మన విశాఖపట్నానికి "హక్కు" అన్న మాట బాగా తెలుసు. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతా ఎలుగెత్తి అరిచింది. ఆ ఉద్యమములో 32 మంది ప్రాణాలు అర్పించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న కర్మాగారమును జాతికి అంకితము చేశారు. హక్కు కోసము అడగడము తప్పు కాదు. పౌలు కూడా తాను రోమా పౌరుడనని చెప్పి తన హక్కు అడిగాడు. అయితే హక్కుకు తోడబుట్టిన మాట ఇంకొకటి ఉన్నది. దాని పేరు బాధ్యత. హక్కు కోసము పదిమందితో కలిసి వీధిలో అరవవచ్చును. బాధ్యత దగ్గరకు వచ్చేసరికి ఎవరికి వారు ఒంటరిగా నిలబడవలసి ఉంటుంది. అందుకే అది కష్టము.

పరిశుద్ధ గ్రంథము తెరిస్తే మొదటి పాపము తరువాత మొదట వినబడేది నెపము. ఆదాము హవ్వను చూపించాడు. అంతటితో ఆగక, ఆమెను ఇచ్చినది నీవే గదా అని దేవుని వైపు కూడా వేలు తిప్పాడు. హవ్వ సర్పమును చూపించినది. అహరోను సంగతి ఇంకా విచిత్రము. బంగారము అగ్నిలో వేస్తే దూడ దానంతట అదే బయటకు వచ్చినట్లు మోషేతో చెప్పాడు. మన ఉక్కు కర్మాగారములో పనిచేసే సహోదరులు ఇక్కడ ఎంతోమంది ఉన్నారు. అచ్చు లేకుండా, చెయ్యి పెట్టకుండా కొలిమిలోనుండి ఏ వస్తువైనా రూపము కట్టుకొని వస్తుందా? మీరు నవ్వుతున్నారు. కాని మన ఇండ్లలోను, కమిటీలలోను ఎన్ని దూడలు వాటంతట అవే బయటకు రాలేదు!

పిలాతు నీళ్లు తెప్పించి చేతులు కడుక్కొన్నాడు. చేతులకు తడి అంటినది గాని బాధ్యత పోలేదు. ఇన్ని వందల ఏండ్ల తరువాత కూడా విశ్వాసప్రమాణము చెప్పిన ప్రతిసారీ మనము అతని పేరు పలుకుతూనే ఉన్నాము.

"ఆడలేక మద్దెల ఓడు" అని మన పెద్దలు అన్నారు. క్రైస్తవులమైన మనకు రెండు మద్దెలలు ఉన్నాయి. తప్పు జరిగితే, సాతాను చేయించాడు అంటాము. చేయవలసినది చేయకపోతే, దేవుని చిత్తము కాలేదు అంటాము. సాతాను ఉన్నాడు, దేవునికి చిత్తమూ ఉన్నది. కాని ఈ రెంటికీ నడుమ నేను అనే మనిషి ఒకడు ఉన్నాడు. వాడు ఎక్కడకు పోయాడు?

ఇప్పుడు గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము చూడండి. రెండవ వచనములో ఒకరి భారములు ఒకరు మోయవలెనని పౌలు చెబుతాడు. అయిదవ వచనములో ఎవరి బరువు వారిదే అంటాడు. నేను వేదాంత కళాశాలలో చదివేటప్పుడు, ఇది ఒకదానికొకటి విరుద్ధము గదా అని మా ఉపాధ్యాయుని అడిగాను. ఆయన నన్ను గ్రీకు నిఘంటువు దగ్గరకు పంపించారు. అక్కడ రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. మొదటిది "బారోస్". నలిపివేసే భారము. రెండవది "ఫోర్తియోన్". ఒకనికి అప్పగించిన మూట, సరుకు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడలోని సరుకుకు కూడా ఈ రెండవ మాటే వాడారు.

రేవు ఊరివారమైన మనకు ఇంతకంటె వివరించి చెప్పనక్కరలేదు. 1933లో మన రేవు తెరిచినది మొదలు ఎన్నో వేల ఓడలు డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుండి లోపలికి వచ్చాయి. ఏ ఓడ సరుకు ఆ ఓడదే. దానికి కాగితముంటుంది, లెక్క ఉంటుంది, సంతకము ఉంటుంది. ఖాళీ ఓడ తేలికగా ఉంటుంది గనుక సుఖముగా పోతుందని అనుకొంటే పొరపాటు. బరువు లేని ఓడ అలలకు ఊగిపోతుంది. అందుకే దాని అడుగున నీళ్లు నింపి బరువు పెడతారు. మనిషీ అంతే. ఏ బాధ్యతా పెట్టుకోని విశ్వాసి ప్రతి గాలికీ ఊగుతాడు.

అయితే బరువుకు ఒక హద్దు కూడా ఉన్నది. ఓడ ప్రక్కన గీత ఒకటి మీరు చూసి ఉంటారు. పూర్వము ఇంగ్లాండులో కొందరు యజమానులు లాభము కోసము మోయలేనంత సరుకు వేసి ఓడలను పంపించేవారు. ఓడ మునిగితే పోయేది కూలి నావికుల ప్రాణము. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడగా 1876లో ఆ గీత తప్పనిసరి అని చట్టము వచ్చినది. ఈ గీతను సంఘము మరచిపోకూడదు. బాధ్యత అనే మాటను బలవంతుడు బలహీనుని మీద కర్రలాగ ఎత్తకూడదు. ఎత్తు మీద పని చేసే కాంట్రాక్టు కూలీకి నడుముకు బెల్టు ఇవ్వకుండా, నీ జాగ్రత్త నీదే అనడము బాధ్యత నేర్పడము కాదు, తన బాధ్యత తప్పించుకోవడము. అలాంటి చోట రెండవ వచనము మన పని. మన బరువు మోయడము, ఎదుటివాని భారమునకు భుజము పట్టడము, ఈ రెండూ కలిస్తేనే శిష్యత్వము.

మరి పాస్టరుగారు ఉన్నది ఎందుకు అని ఎవరైనా అడగవచ్చును. దీనికి కూడా రేవు దగ్గరే జవాబు ఉన్నది. బయటినుండి వచ్చిన ఓడ ఇరుకు దారిలో ప్రవేశించేటప్పుడు పైలట్ ఎక్కుతాడు. లోతు ఎక్కడ, రాయి ఎక్కడ అని ఎరిగినవాడు ఆయన. ఆయన మాట ప్రకారము ఓడ నడుస్తుంది. కాని పైలట్ ఎక్కినంత మాత్రాన కెప్టెన్ బాధ్యత దిగిపోదు. కెప్టెన్ తన గదిలోకి పోయి పడుకోవడానికి వీలు లేదు. మేము పైలట్లము. మీ ప్రార్థన మేము చేసిపెట్టలేము, మీ బిడ్డకు మీరు చెప్పవలసిన మాట మేము చెప్పలేము, మీరు అడగవలసిన క్షమాపణ మేము అడగలేము.

మన తెలుగు సంఘమునకు ఇది క్రొత్త బోధ కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ ఈ విశాఖపట్నములో కాలు పెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడై సువార్తలను తెలుగు చేయడములో సహాయపడ్డాడు. క్రాన్ 1809లోను, డిగ్రాంజెస్ 1810లోను మరణించారు. పని సగములో ఆగినది. మిగిలిన పని ఎడ్వర్డ్ ప్రిచెట్ తన బాధ్యతగా ఎత్తుకొన్నాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది. మొదలుపెట్టినది నేను కాదు గదా అని అతడు అనుకొని ఉంటే ఎంత నష్టము!

దోర్నకల్ మొదటి బిషప్పు వి. యస్. అజరయ్యగారు 1912లో అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. బాప్తిస్మము పొందినవారి చేత ఆయన ఒక పని చేయించేవారు. తమ చేయి తమ తల మీద తామే పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను తమ నోటితో చెప్పవలెను. ఆ నిలబడినవారిలో చాలామంది చదువు రాని కూలిజనము. వారి తల మీద బాధ్యత పెట్టడానికి ఆయన జంకలేదు. అలాగే మన తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యము ప్రభువు కోసము వేరే కుండలో వేశారు. వారు బీదవారము అని తప్పించుకోలేదు. ఈ నూరేండ్ల సంఘము ఆ పిడికెడు బియ్యము మీద నిలిచినది.

ఇప్పుడు నా సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను వేరొక సంఘములో ఉన్నాను. మందిరము మీద రేకులు ఎగిరిపోయాయి. తరువాత కోత పండుగలో జనులు తమకే ఇల్లు సరిగా లేకపోయినా గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు తెచ్చారు. వేలము పాడగా వచ్చిన డబ్బును రేకుల కోసము బ్యాంకులో వేశాము. నేను ఒక వారము ఊరికి వెళ్లవలసి వచ్చి, పని ఆగకూడదని మూడు ఖాళీ చెక్కుల మీద సంతకము చేసి ఇచ్చాను. రెండవ సంతకము చేసే పెద్దాయన జబ్బుతో మంచము మీద ఉండి, ఆయన కూడా అలాగే చేశారు.

నేను తిరిగి వచ్చిన తరువాత లెక్క చూస్తే పుస్తకములో ఎనిమిది వేలు, బ్యాంకులో పద్దెనిమిది వేలు. పదివేలు తేడా. చెక్కు బ్యాంకుకు తీసుకొని వెళ్లినవాడు మా మందిరపు గంట కొట్టే తాత. కమిటీలో అందరి చూపూ ఆయన మీద పడినది. ఆయన వేలిముద్ర మనిషి. అంకె వేయడమే రాదు, అక్షరాలలో పద్దెనిమిది వేలు అని ఎలా వ్రాస్తాడు? అయినా ఎవరి చేతనో వ్రాయించి ఉంటాడు అన్నారు. నేను సంతకము చేసినప్పుడు ఆ చెక్కు ఖాళీగా ఉన్నదని, దానిని కమిటీలోనే ఎవరో నింపి ఉండాలని నాకు తెలుసు. ఆ మాట చెబితే తాత బయటపడతాడు. కాని ఖాళీ చెక్కు మీద సంతకము చేసిన పాస్టరు కూడా బయటపడతాడు. నేను ఊరుకొన్నాను. ప్రార్థన చేద్దాము, ప్రభువే బయటపెడతాడు అన్నాను. ప్రార్థన అనే మాటను నేను పిలాతు నీళ్లలాగ వాడుకొన్నాను.

తాతను పనికి రావద్దన్నారు. మూడు ఆదివారాలు ఎవరో కుర్రవాడు గంట కొట్టాడు. ఆ శబ్దము నేను విన్న ప్రతిసారీ నాకు తిండి సహించలేదు. తరువాతిది సంస్కారపు ఆదివారము. బలిపీఠము దగ్గర కానుక విడిచి మొదట సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో చెప్పిన మాట నాకు అడ్డు నిలిచినది. రొట్టె ముట్టలేకపోయాను. బల్ల దగ్గరనుండి దిగి వచ్చి, జరిగినదంతా సంఘము ఎదుట చెప్పాను. ఆ సంతకము నాది, ఆ మౌనము కూడా నాదే అన్నాను. ఆ మధ్యాహ్నము తాత ఇంటికి వెళ్లాను.

ఆయన నన్ను తిట్టలేదు. "అయ్యగారూ, డబ్బుల్ పోతే పోనాయి. నా మనవరాలు, తాతా నువ్వు తీసినావా అని అడిగింది. రేపు దానికి మీరే సెప్పండి" అన్నాడు. మరునాడు వెళ్లి ఆ ఎనిమిదేండ్ల బిడ్డకు చెప్పాను. సంఘము ఎదుట చెప్పడముకంటె అది కష్టమైనది.

చెక్కు నింపినది ఎవరో తరువాత తెలిసినది. ఆయన చాలావరకు తిరిగి కట్టారు. ఆయన బరువు ఆయనది, దానిని ఇక్కడ విప్పడము నా పని కాదు. నా వంతుగా నెలకు వెయ్యి చొప్పున పది నెలలు రేకుల నిధికి ఇచ్చాను. బిషప్పుగారికి ఉత్తరము వ్రాశాను. కొందరికి నా మీద గౌరవము తగ్గినది, అది న్యాయమే. కాని ఆ తరువాతి ఆదివారము గంట కొట్టినది తాతే.

ప్రియులారా, దీనినుండి నేను నేర్చుకొన్నవి మూడు. మొదటిది, తప్పును దాని పేరుతో చెప్పాలి. దావీదు నాతాను ఎదుట నెపము వెదకలేదు, పాపము చేశానన్నాడు. "పొరపాటు జరిగినది" అనకుండా "నేను చేశాను" అనాలి. రెండవది, నష్టము తీర్చాలి. జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టలేదు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మూడవది, పద్ధతి మార్చుకోవాలి. నేటివరకు నేను ఖాళీ కాగితము మీద సంతకము చేయలేదు. కర్మాగారములో షిఫ్టు దిగేవాడు జరిగినది పుస్తకములో వ్రాసి, సంతకము చేసి తరువాతివానికి అప్పగిస్తాడు. మనము కూడా లోపములను దాచకుండా వ్రాసి తరువాతి తరమునకు అప్పగించాలి.

ఇదంతా చేసి రక్షణ సంపాదిస్తామా? కాదు. రక్షణ కృపవలననే. క్షమాపణ ఉన్నదని తెలిసినవాడే ధైర్యముగా తప్పు ఒప్పుకోగలడు. నన్ను బల్ల దగ్గరనుండి దింపినది ధర్మశాస్త్రపు భయము కాదు, నా కోసము విరువబడిన ఆ రొట్టె.

నూరేండ్ల క్రిందట మన తల్లులు తమ తల మీద తమ చేయి పెట్టుకొన్నారు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి, తలుపు వేసుకొని, మీ చేయి మీ తల మీద పెట్టుకొని ఒక్క ప్రశ్న వేసుకోండి: నా బరువు మోస్తూ గుమ్మము బయట నిలబడిన తాత ఎవరు? ఆ పేరు మనసులోకి వస్తే రేపటివరకు ఆగవద్దు.

అట్టి ధైర్యమును ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.